సూర్యాపేట నాటకాల హాలూ, మల్లయ్య గొంతూ

హార్మోనియం నేర్చుకుంటామని వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది ఒకటే: ఎంత పెద్ద నటుల పక్కన వాయించారు, ఎన్ని శాలువాలు కప్పించుకున్నారు అని. శాలువాలు చాలానే కప్పారు. చలికాలంలో మా ఆవిడ వాటిని దుప్పట్ల కింద కలిపి పరుస్తుంది, వెచ్చగా ఉంటాయి. వాటి గురించి రాయడానికి కూర్చోలేదు నేను.

ఈ పని అసలు ఎట్లాంటిదో చెప్పాలంటే సూర్యాపేటలో ధాన్యం గంజ్ వెనక ఉండిన ఒక నాటకాల హాలు గురించి చెప్పాలి. అందులో పోయిన ఒక గొంతు గురించి చెప్పాలి. ఆ హాలు ఇప్పుడు లేదు. ఆ గొంతు గల మనిషీ లేడు. ఆ పద్యాలు విన్నవాళ్ళలో నాతో పాటు ఒకరిద్దరు ముసలివాళ్ళు మిగిలి ఉంటే ఉండొచ్చు. మేం కూడా పోతే అక్కడ అట్లాంటిది ఒకటి జరిగిందని చెప్పేవాళ్ళు ఉండరు. అందుకని వేళ్ళు మొరాయిస్తున్నా కలం పట్టుకున్నాను.

గోదాం హాలు అయిన వైనం

ఆ కట్టడం నాటకాల కోసం లేవలేదు. సావుకారు నర్సయ్య తండ్రి ఆముదాలూ వడ్లూ నిలవ చేసుకోవడానికి కట్టించిన గోదాం అది. మోటు రాతి గోడలు, పైన బెంగుళూరు పెంకు. తండ్రి పోయాక నర్సయ్య చేతికి వచ్చింది. ఆయనకు నాటకాల పిచ్చి. ఒక కొసన రాళ్ళూ మట్టీ పోయించి ఎత్తుగా స్టేజీ కట్టించాడు. రాజమహలూ అడవీ రాయించిన తెరలు తెప్పించాడు. గుమ్మం మీద రెండు చిలకలు చెక్కించాడు. అవి చిలకల్లా కాక కాకుల్లా కుదిరాయి. ఊళ్ళో వాళ్ళు దాన్ని కాకుల హాలు అని ఏడిపించేవాళ్ళు, నర్సయ్య మాత్రం ఎవరు కొత్తగా వచ్చినా ముందు ఆ చిలకలనే చూపించేవాడు.

పిచ్చి పిచ్చే, వ్యాపారం వ్యాపారమే. మిర్యాలగూడలో ఆయన బావమరిదికి బియ్యం మిల్లు ఉండేది. ఆ మిల్లు ఊకను బస్తాల్లో కుక్కి బండ్ల మీద సూర్యాపేటకు తోలించి, ఇటుక బట్టీల వాళ్ళకు అమ్మేవాడు. వాళ్ళు కొనుక్కుపోయేదాకా బస్తాలు పెట్టడానికి వేరే చోటు లేక హాలులోనే, స్టేజీ వదిలి మిగతా మూడు గోడల వెంట మనిషెత్తున పేర్పించేవాడు. పాతవి పోతుంటే కొత్తవి వస్తుండేవి, గోడ మాత్రం ఎప్పుడూ కనపడేది కాదు. చాపల మీద కూర్చున్నవాళ్ళు వాటికి వీపు ఆనించి, చొక్కాల్లో ఊక దూరితే గోక్కుంటూ నాటకం చూసేవాళ్ళు. ఒకసారి రాణి వేషం కట్టిన మనిషి దుఃఖం సీనులో వరసగా తుమ్ములు తుమ్మితే జనం ఏడవడం మాని నవ్వారు.

అయినా నాకు అక్కడ వాయించడమంటే ప్రాణం. ఎక్కడో చివర కూర్చున్న ముసలాయనకు కూడా పద్యంలో ప్రతి అక్షరం విడివిడిగా వినపడేది. నేను ఒక మెట్టు మీద వేలు వేస్తే ఆ స్వరం అంతవరకే పలికి నిలిచేది, పక్క స్వరం మీద పడి దొర్లేది కాదు. ఆ ఘనత తన తండ్రి మంచి ముహూర్తాన పునాది వేసినందుకని నర్సయ్య అనేవాడు. వాస్తు బాగుందని ఇంకొకరు అనేవాళ్ళు. బస్తాల మాట ఎవరూ ఎత్తలేదు.

మల్లయ్య

మల్లయ్యది గరిడేపల్లి దగ్గర పల్లె. గొర్లూ బర్లూ ఉన్న ఇల్లు. అడవిలో మందను పిలుస్తూ పెరిగిన గొంతు. రాజు వేషానికి ఆ చుట్టుపట్ల అతన్ని మించినవాడు లేడు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద, నన్ను తమ్మీ అనేవాడు, నేను మల్లన్నా అనేవాణ్ణి. నాది కోదాడ పక్క చిలుకూరు దగ్గర పల్లె కాబట్టి నా మాట కొంచెం సర్కారు జిల్లాల వైపు ఒరిగేది. నేను నోరు తెరిస్తే చాలు, అతను వెక్కిరించేవాడు.

"నువ్వు మాట్లాడకు తమ్మీ, పెట్టెనే మాట్లాడనియ్యి. దానిది మంచి తెలుగు" అని నా హార్మోనియం చూపించేవాడు.

మామూలుగా నాలుగు శ్రుతిలో పాడేవాడు. మన నాటకాల్లో శ్రుతి పెంచడం పెద్ద గొప్ప. ఎంత పైకి పోతే అంత మొనగాడని జనం అనుకుంటారు, నటులూ అనుకుంటారు. మల్లయ్య ఆ పోటీలోకి దిగేవాడు కాదు. మెడ నరాలు ఉబ్బేవి కావు, మొహం ఎర్రబడేది కాదు, ఎవరితోనో మాట్లాడుతున్నట్టే పాడేవాడు. రాగం చివర ఊపిరి తీసుకోవడానికి అతను నా వైపు చూడనవసరం ఉండేది కాదు. ఆ చోటు నాకు తెలుసు, అక్కడ నేను స్వరం పట్టుకుని ఉండేవాణ్ణి, అతను తీరుబడిగా వచ్చి అందుకునేవాడు. హార్మోనియం వాడి పని అంతే. నటుడికి కాలు పెట్టే చోటు చూపించాలి. మధ్యలో తన వేళ్ళ ఒడుపు చూపించుకునేవాడు ఎంత గొప్పవాడైనా నా దృష్టిలో పని రానివాడే.

తుపాకులు

తర్వాత మా వైపు పాడు రోజులు వచ్చాయి. పల్లెల్లో జనం ఊళ్ళు వదిలి కొండలకు పోయారు. నాటకాలు ఆగిపోయాయి. హాలులో తుపాకుల వాళ్ళు దిగారు. మొదట ఒకరు, పోలీసు యాక్షన్ అయ్యాక ఇంకొకరు. ఎవరి మనుషులు ఏం చేశారని ఇప్పుడు పంచాయితీ పెట్టను. ఆయుధాలు దాచారేమోనని బస్తాలన్నీ కోసి చూశారట. చూశాక ఆ ఊక పొయ్యిల్లో వేసి వంటలు వండుకున్నారు. అడవి తెర చింపి కప్పుకున్నారు. రాజమహలు తెర ఏమైందో తెలియనే లేదు. మా తబలా ఆయన మిర్యాలగూడ పోతున్నానని చెప్పి బయలుదేరాడు, అక్కడికి చేరలేదు. చాలామందిని అడిగాను. ఇప్పటికీ ఆ దారిన బస్సులో పోతుంటే కిటికీలోంచి చూస్తూనే ఉంటాను.

హాలు తిరిగి చేతికి వచ్చిన రోజు నర్సయ్యతో పాటు నేనూ వెళ్ళాను. గోడలు పొగచూరి ఉన్నాయి. నేలంతా బూడిద. స్టేజీ మీద గుర్రాన్ని కట్టేసిన గుర్తులున్నాయి. ఆయన ఆ బూడిదలో గొంతుక్కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"మా బాపు కట్టిచ్చిండు పంతులూ దీన్ని" అన్నాడు. నన్ను పంతులూ అని పిలిచేవాడు. "జర ఆగు. దీన్ని అద్దం తీరు జేస్త. హైదరాబాదోళ్ళు వచ్చి సూసిపోవాలె."

చేశాడు. మోటు గోడలకు గచ్చు సున్నం వేయించి, రాతి గోళీలతో రుద్దించి నున్నగా తేల్చాడు. నేలకు షాబాదు బండలు పరిపించాడు. చాపలు తీసేసి కుర్చీలు వేయించాడు. మిర్యాలగూడ నుంచి ఊక బండ్లు మళ్ళీ వచ్చిన రోజు బండివాణ్ణి గుమ్మం దాటనివ్వలేదు.

"ఇగ గీడ పెట్టద్దు. ఇది నాటకాల హాలు, నీ ఊక కొట్టం కాదు" అని కసిరి, ఊరి బయట పాక వేయించి బస్తాలు అక్కడికి పంపించాడు.

ఇదంతా చూసి మేమందరం సంతోషించాం. దుర్మార్గుడు చేసిన పనైతే తిట్టి ఊరుకునేవాణ్ణి. ఆయన ప్రేమతో చేశాడు. తండ్రి కట్టిన గోడకు తన చేత్తో ఆఖరి సున్నం పూసి మురిసిపోయాడు.

వన్స్ మోర్

చీకటి పడకముందే ఆట ముగించాలని పోలీసుల ఆజ్ఞ ఉండడం వల్ల మొదటి నాటకం మధ్యాహ్నం పెట్టారు. కోదాడ నుంచి, హాలియా నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి జనం బండ్లు కట్టుకుని వచ్చారు. చాలాకాలానికి నలుగురూ ఒకచోట కూర్చుని నవ్వుకున్న రోజు అది. కిటికీలకు నల్లబట్టలు కట్టి లోపల గ్యాసులైట్లు పెట్టారు.

నేను మొదటి స్వరం వేయగానే ఏదో తేడా తెలిసింది. స్వరం పలికి ఆగలేదు. గోడకు పోయి తిరిగి వచ్చింది. దాని మీద రెండోది పడింది. మల్లయ్య అడవి సీనులో మొదటి పద్యం అందుకున్నాడు. నాకే మాటలు సరిగ్గా తెలియలేదు. అంతా కలిసి ఒక హోరు. పద్యం అయిపోయింది. వెనక వరసల్లోంచి ఎవరో "వన్స్ మోర్" అని అరిచారు. వెంటనే చాలామంది అందుకున్నారు.

వన్స్ మోర్ అంటే తెలుసు కదా. ఆ కేక వినపడ్డాక చచ్చిపడిన వేషం కూడా లేచి మళ్ళీ పాడి చావాల్సిందే. మల్లయ్య మొహం వెలిగిపోయింది. నా వైపు వంగి, "తమ్మీ, అయిదు ఇయ్యి" అన్నాడు. వద్దని తల ఊపాను. కళ్ళు ఎర్రజేశాడు. ఇచ్చాను. గట్టిగా పాడాడు. ఎంత గట్టిగా పాడితే అంత హోరు. మళ్ళీ వన్స్ మోర్. మళ్ళీ పాడాడు. మూడోసారి కూడా అడిగారు. ఒకే పద్యానికి మూడు వన్స్ మోర్‌లు ఆ హాలులో ఎవరికీ పడలేదు. నాటకం అయ్యాక నర్సయ్య దండ వేసి కౌగిలించుకున్నాడు.

మర్నాడు ఛాయ్ హోటల్లో నర్సయ్య బావమరిది, మిర్యాలగూడ మిల్లు ఆయన, నా పక్కన కూర్చున్నాడు. ఆట ఎట్లా ఉందని అడిగాను.

"ఏముంది పంతులూ, ఒక్క మాట సమజ్ కాలె. అందుకే మల్లొకపారి పాడుమన్నం. మల్ల గూడ గంతే. మీ మల్లయ్యకు ఇదివరకు తీరు నోరు తిరుగుతలేదు" అన్నాడు.

ఈ మాట నేను మల్లయ్యకు చెప్పలేదు. ఆ దండ ఇంకా అతని ఇంట్లో వాడకుండా ఉంది.

ఆ ఏడంతా నాటకాలు ఆడాం. ప్రతిసారీ అదే వరస. వినపడక వన్స్ మోర్ అనేవాళ్ళు, మెచ్చుకున్నారని ఇతను ఇంకో మెట్టు పెంచేవాడు. అయిదున్నరకు పోయాడు. మెడ నరాలు ఉబ్బడం మొదలైంది. శ్రుతి దింపుదాం మల్లన్నా అని బతిమాలాను.

"జనం అడుగుతున్నరు తమ్మీ. గిన్నేండ్లు భయంల బతికిన్రు. పాడుమంటె పాడనా?" అన్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఆట నడుమ పై స్వరం అందుకోబోయాడు. గొంతు రాలేదు. గాలి మాత్రం వచ్చింది. నేను ఆ స్వరం పట్టుకుని కూర్చున్నాను, వస్తాడు, వస్తాడు అని. కాళ్ళతో గాలితిత్తులు తొక్కుతూనే ఉన్నాను. అతను రాలేదు. ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకుంటే దాని మీద నెత్తురు మరక పడింది. తెర దింపేశారు.

దవాఖానలో డాక్టరు గొంతులో కాయలు కాశాయని, చాలాకాలం మాట్లాడొద్దని చెప్పాడు. మాట్లాడకుండా ఉన్నాడు. మాట తిరిగి వచ్చింది, బొంగురుగా. పాట రాలేదు.

ఊళ్ళో అప్పటికే తీర్పు అయిపోయింది. మల్లయ్యకు నోరు తిరగడం మానేసిందనీ, పొగరెక్కి శ్రుతి పెంచుకున్నాడనీ, కల్లు ఎక్కువ తాగాడనీ అన్నారు. అతను కల్లు ముట్టేవాడు కాదు. నర్సయ్య బెజవాడ నుంచి ఇంకో రాజు వేషగాణ్ణి తెప్పించాడు. అతని మాటలూ అర్థం కాలేదు. సర్కారు తెలుగు మనకు తెలియదని సరిపెట్టుకున్నారు. జనం తగ్గిపోయారు. కొన్నాళ్ళకు నర్సయ్య విసిగిపోయి స్టేజీ పగలగొట్టించి హాలును మళ్ళీ గోదాం చేశాడు.

పిల్లలకు ఇక్కడ ఒక మాట చెప్తాను. గొంతు పోతే అందరూ గొంతునే తిడతారు. కొత్త హాలుకు పోయినప్పుడు ముందు ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, జనం నిండాక ఒకసారి స్వరం వేసి వినండి. స్వరం ఆగకుండా దొర్లుతుంటే గోడలకు గోనెలో గొంగళ్ళో ఏదో ఒకటి కట్టమని యజమానితో పోట్లాడండి. కట్టకపోతే శ్రుతి దించండి. నటుడు కళ్ళు ఎర్రజేసినా సరే దించండి. ఇది మాకు ఎవరూ చెప్పలేదు.

గోదాంలో

నా కాలిపెట్టె, అంటే కాళ్ళతో తొక్కి వాయించే పెద్ద హార్మోనియం, ఆ హాలులోనే ఉండిపోయింది. వడ్ల కోతలయ్యాక దాన్ని తెచ్చుకోవడానికి వెళ్ళాను. నాలుగు గోడల వెంటా వడ్ల బస్తాలు పైదాకా ఉన్నాయి. అవతలి కొసన ఇద్దరు హమాలీలు కూర్చుని అన్నం తింటూ మాట్లాడుకుంటున్నారు. ఒకతని కూతురికి జ్వరం. రేపు దవాఖానకు తీసుకుపోదామా ఎల్లుండి పోదామా అని నెమ్మదిగా అడుగుతున్నాడు. ఇవతలి కొసన ఉన్న నాకు ప్రతి మాటా వినపడింది.

నేను పెట్టె తెరిచి నాలుగు శ్రుతి వేశాను. పలికింది, ఆగింది. వెనకటిలాగే. బస్తాల మీద చెయ్యి వేసి చూశాను, బస్తాల సందులోంచి నున్నటి గోడ మీద చెయ్యి వేసి చూశాను. అక్కడే కూర్చుండిపోయాను. హమాలీ లేచి వచ్చి నీళ్ళు కావాలా అని అడిగాడు.

పెట్టె అక్కడే వదిలేసి మర్నాడు పొద్దున్నే మల్లయ్య ఊరికి బయలుదేరాను. అతని మీద పడిన నింద కడిగేయాలనే తొందర తప్ప నాకు ఇంకో ఆలోచన లేదు.

అతను ఇంటి ముందు గొర్రెకు కాలిలో ముల్లు తీస్తున్నాడు. భార్య లచ్చమ్మ మాకు చల్ల తెచ్చి ఇచ్చింది. నాకంటే ఆమెకే ముందు నుంచీ అనుమానం ఉండేది. "మందను పిలిచిన గొంతు ఎండకు పోలే, వానకు పోలే, గోడల నడుమ ఎట్ల పోయింది?" అని నన్ను ఇదివరకే ఒకసారి నిలదీసింది.

నేను అంతా చెప్పాను. ఊక బస్తాలు హోరును ఎట్లా మింగేవో, అవి పోయాక నున్నటి గోడలు మాటను ఎట్లా చెడగొట్టాయో చెప్పాను. "నీ నోరు తిరగకపోవడం ఏనాడూ లేదు మల్లన్నా. తప్పంతా గోడలది. నీది కాదు" అన్నాను.

మల్లయ్య ముల్లు తీసి, గొర్రెను వదిలి, చేతులు తుడుచుకున్నాడు. మొహంలో వెలుగు వస్తుందని చూశాను. వచ్చింది కూడా, ఒక్క క్షణం. తర్వాత తగ్గిపోయింది.

"అయితె తమ్మీ" అన్నాడు, ఆ బొంగురు గొంతుతో. "నేను పాడింది ఎవ్వలికి సమజ్ కాలేదంటవ్."

నేను చల్ల గ్లాసు కింద పెట్టాను.

"మరి ఆనాడు మూడు సార్లు వన్స్ మోర్ అన్నరు గద. ఎందుకన్నరు?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు దారి పొడుగునా తట్టలేదు. అతను నా మొహం చూసి జవాబు తీసుకున్నాడు. ఇంటి చూరుకు దారంతో కట్టి ఉన్న ఎండు దండ కేసి చూశాడు.

"గొంతు పోయిందని ఇన్నొద్దులు ఏడ్చిన. పోతే పోయింది, జనం అంత మెచ్చుకున్నంకనే పోయింది గద అని మనసుకు చెప్పుకున్న. ఇగ దానికి గూడ ఏడ్వాల్నా తమ్మీ?"

లచ్చమ్మ గడపలో నిలబడి వింటోంది. గబగబా వచ్చి అతని పక్కన కూర్చుంది.

"పంతులు మాట పట్టుకోకు. ఆయనకేమెర్క, పెట్టె ముందట కూసునేటోనికి" అంది. "మంచిగున్నదనే అన్నరు. నా ఎనకున్నోళ్ళు ఏడ్సుకుంట అన్నరు. నేను ఇన్నగద."

"నిజమేనా?" అన్నాడు మల్లయ్య.

"నా పిల్లల తోడు" అంది లచ్చమ్మ.

అతను ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. మెల్లగా తల ఊపి, నా వైపు తిరిగి, "ఇన్నవా తమ్మీ, ఏడ్సుకుంట అన్నరట" అన్నాడు. విన్నాను మల్లన్నా అన్నాను. లచ్చమ్మ ఆ హాలు గడప ఎన్నడూ తొక్కలేదని మా ముగ్గురికీ తెలుసు.